ఊరికే పెట్టిన మంద

రాచగుంట, కల్వకుర్తి తాలూకా
చిత్రభాను పుష్య బహుళ పంచమి

అన్న కురుమయ్యకు చెల్లె గోపమ్మ దండాలు.

ఇక్కడ నేను, మన అవ్వ, గొర్రెలు బాగున్నాము. అవ్వకు దగ్గు ఉన్నది కాని తిట్టడానికి అది అడ్డం రావడం లేదు. నువ్వు, రామమ్మ వదిన క్షేమమని తలుస్తాను. కోర్టులో చప్రాసి పని చేసేవాడివి, నీకు తీరిక ఉండదని తెలుసు. అయినా ఈ జాబు రెండుసార్లు చదువు.

కొల్లాపూర్ వైపు నుంచి మల్లప్ప అనే అతను గొర్రెల మంద తోలుకుని మా ఊరికి వచ్చినాడు. మన కులమే. పెండ్లాం చనిపోయింది, పిల్లలు లేరు. ఇక్కడినుంచి మోత్కూర్ దాకా మేపుకుంటూ పోయి, ఉగాదికి మళ్లీ ఇటే వచ్చి, ఎండాకాలం కృష్ణ ఒడ్డుకు దిగుతాడట. మంద పడుకుని ఎరువు వేసిన నేల ఎట్లా పండుతుందో నీకు చెప్పనక్కరలేదు. రైతులందరూ మా చెలకలో పెట్టు అంటే మా చెలకలో పెట్టు అని ఆయన వెంటపడ్డారు. మంద పెట్టించుకున్నవాళ్లు కాపరికి జొన్నలు కొలవాలి, ఉన్నన్నాళ్లు బువ్వ పెట్టాలి. ఆయన అందరినీ దాటుకుని నా చెలకలో పెట్టినాడు. నేను జొన్నలు కొలవబోతే చేట పక్కకు జరిపి, "నీ దగ్గర తీసుకునుడేంది" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఊరంతా విన్నది.

పోయే ముందు అవ్వను అడిగినాడు. ఉగాదికి తిరిగి వచ్చినప్పుడు నన్ను మారుమనువు చేసుకుంటానన్నాడు. మా ఆయన పోయి ఏడేండ్లయింది. ఈ ఏడేండ్లలో నా గడప తొక్కని గుర్వయ్య బావ కూడా వచ్చి, "మంచోడమ్మా, ఒంటిగ ఎన్నేండ్లుంటవ్" అన్నాడు. మా ఆయనకు స్వంత అన్న అయి ఉండి ఆ మాట అన్నాడంటే మనిషి మారినట్టే.

చలిలో పోతున్నాడని మల్లప్పకు ఒక గొంగడి ఇచ్చినాను. నా నల్ల గొర్రెల ఉన్ని, నేనే వడికి నేయించింది. ఒక మూలన నా పెండ్లి చీర కొంగులోంచి తీసిన ఎర్ర దారంతో మూడు ముళ్లు వేసినాను. నవ్వకు.

మారుమనువుకు పుట్టింటి తరఫున బట్ట పెట్టవలసినవాడివి నువ్వే. సరేనని రాయి. బాపు ఏటా ఒక గొంగడి ఇచ్చుకుని రఘుపతి అయ్యవారి బడిలో నన్ను కూడా కూర్చోబెట్టినందుకు, ఈ సంగతి ఇంకొకరి చేత రాయించుకునే బాధ తప్పింది.

గోపమ్మ

•

నల్లగొండ
1352 ఫసలీ, ఫర్వర్ది 4

చెల్లె గోపమ్మను ఆశీర్వదించి కురుమయ్య రాయునది.

జాబు చేరింది. రెండుసార్లు చదవమన్నావు. మూడుసార్లు చదివినాను, మూడుసార్లూ ఒకే చోట ఆగినాను. ఊరికే మంద పెట్టినాడని రాసినావు. నేను ఇన్నేండ్లుగా కోర్టు తలుపు దగ్గర నిలబడుతున్నాను. లోపల ఏ దావా నడిచినా నా చెవిన పడుతుంది. ఆలుమగల దావా ఏది చూసినా మొదట ఎవరో ఒకరు ఏదో ఒకటి ఊరికే ఇచ్చి ఉంటారు.

ముందు చెలక సంగతి. నువ్వు మారుమనువు పోయిన రోజున ఆ చెలక మీద నీకు హక్కు పోతుంది. అది నీ మొగునిది కనుక నీ మొగుని అన్నకు చెందుతుంది. గుర్వయ్య నీ గడప ఎందుకు తొక్కినాడో ఇప్పుడు తెలిసిందా? రేపు మల్లప్ప నిన్ను విడిచి ఇంకొకతెను తెచ్చుకుంటే నీకు మిగిలేవి నీ గొర్రెలు. అవి కూడా ఆయన మందలో కలిసిపోయి ఉంటాయి.

నేను వద్దనడం లేదు. విచారణ చేయకుండా ఫైసలా చెప్పకూడదు అంటున్నాను. మోత్కూర్ వైపు ఇవ్వవలసిన సమన్లు కొన్ని ఉన్నాయి. వాటితో పాటు ఇది కూడా చూసుకుని వస్తాను. మనిషి పొడుగు ఎంత, ఒంటి మీద మచ్చలు ఏమున్నవి రాసి పంపు.

ఇక్కడ చలి బాగా ఉన్నది. మీ వదిన అంగడిలో ఎర్ర చారల దుప్పటి కొన్నది. కొని సందూకలో పెట్టింది. చలి పోయినంక తీస్తుందేమో.

కురుమయ్య

•

రాచగుంట
మాఘ శుద్ధ దశమి

అన్నకు దండాలు.

నీ ఫర్వర్ది ఏ నెలలో వస్తుందో మాకు తెలియదు. టపా జవానును అడిగితే తనకూ తెలియదన్నాడు. జాబు అందింది, అది చాలు.

చెలక పోతుందని నాకు తెలియదనుకున్నావా? అందులో రాళ్లు ఏరింది నేను. నేను ఎరుగని మాట అన్నట్టు రాసినావు. ఒకవైపు చెలకను, ఒకవైపు మనిషిని పెట్టుకుని నేను కూడా చూసుకున్నాను. చెలక మంచిదే. కాని పొద్దుగూకి ఇంటికి వచ్చినంక చెలకతో ఏం మాట్లాడుతాం? అవ్వ ఉన్నదంటావు. అవ్వ మాట్లాడుతుంది, వినదు.

మచ్చలు రాయమన్నావు. నేను ఆయనను బేరానికి వచ్చిన పొట్టేలును చూసినట్టు చూడలేదు. ఎడమ చెవికి పోగు ఉన్నది. నవ్వు ముఖం. అంతే నాకు తెలుసు.

ఇంకొక సంగతి రాస్తాను, ఆయన గుణం నీకు తెలుస్తుంది. మంద ఉన్నన్నాళ్లు ఆయనకు బువ్వ నేనే పంపినాను. సగం కూడా తినేవాడు కాదు. ఒంటరి ఆడమనిషి ఇంటి తిండి అని సంకోచం. ఆయన కుక్కకు కూడా ఆ సంకోచమే ఉన్నది. మా సంకటి వాసన చూసి పక్కకు పోయి పడుకునేది. అవ్వ మాత్రం, "ఆకలి లేని కుక్కను నేనేడ సూడలే. ఇది యాడనో తినొస్తాంది" అన్నది. అవ్వకు మనుషుల మీద నమ్మకం పోయి చాలా కాలమైంది, ఇప్పుడు కుక్కల మీద కూడా పోయింది.

విచారణ చేయకు. నేను వెనక మనిషిని పెట్టి చూపించినానని ఆయనకు తెలిస్తే నా పరువు పోతుంది.

వదినను దుప్పటి తీయమని చెప్పు. చలికాలం ఎన్నాళ్లు ఉంటుంది?

గోపమ్మ

•

నల్లగొండ
1352 ఫసలీ, ఫర్వర్ది 27

చెల్లె గోపమ్మకు కురుమయ్య రాయునది.

నీ జాబు వచ్చేసరికే విచారణకు పోయి వచ్చినాను. కనుక నీ మాట కాదన్నట్టు కాదు.

మోత్కూర్ దగ్గర నాగులమ్మ అనే ఆమె చెలకలో మంద ఉన్నది. మల్లప్ప ఆ పూట అంగడికి పోయినాడు. చెలక గట్టు మీద ఆమెతోనే మాట్లాడినాను. ఎవరినని చెప్పలేదు, సమన్ల మనిషిని అన్నాను. మందకు జొన్నలు ఎన్ని కొలిచినావు అని అడిగినాను. కొలవబోతే ఆయన చేట పక్కకు జరిపి, "నీ దగ్గర తీసుకునుడేంది" అన్నాడని చెప్పింది. నేను కొంచెం దూరం పోయి నీ మొదటి జాబు తీసి చూసుకున్నాను. అక్షరం తేడా లేదు.

ఇంకా ఉన్నది. నాగులమ్మ మొగుడు భిక్షపతి బొంబాయి మిల్లులో ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఆమెకు విడుపు కాయితం ఇవ్వలేదు. ఆమెను కూడా చేసుకుంటానని మల్లప్ప మాట ఇచ్చినాడట. మొగుడు ఉన్న ఆడమనిషికి మాట ఇస్తే కులంవాళ్లు ఆయన మీద తప్పు వేసి జరిమానా పట్టుకుంటారు. భిక్షపతి కోర్టుకు ఎక్కితే అది వేరే. నువ్వు ఆయనను చేసుకున్నావనుకో. ఇల్లు ఒకటైతే తప్పు కూడా ఒకటే అవుతుంది. తప్పు కింద గొర్రెలను తోలుకుపోయేవాళ్లు ఇది మొగుడిది, ఇది పెండ్లానిది అని చెవి కోతలు చూడరు. ఆయన చేసినదానికి నీ గొర్రెలు పోతాయి.

ఒక్క గవాహి సాక్ష్యం చాలదు. ఇంకొకసారి పోయి గట్టి ఋజువు తెస్తాను.

ఆమె నాకు జొన్న రొట్టె, పుంటికూర పెట్టింది. రొట్టె చాలా మెత్తగా ఉన్నది. దీనికి విచారణతో సంబంధం లేదు.

కురుమయ్య

•

రాచగుంట
ఫాల్గుణ శుద్ధ పంచమి

అన్నకు.

ఉన్ని బేరం చేసే అంజయ్య నిన్న మా ఊరికి వచ్చినాడు. నేను నీ గురించి ఏమీ అడగలేదు. తనంతట తానే చెప్పినాడు. "మీ అన్న మోత్కూర్ల నాగులమ్మ చెలక గట్టు మీద కూసొని రొట్టె తింటుండు. ఒకపారి సూసి ఊకున్న. మల్ల సూసిన. మొన్న గూడ గాడనే ఉండు. ఏం సమన్లమ్మా అవి, ఒడుస్తలేవు" అన్నాడు.

నువ్వు ఒకసారి పోయినట్టు రాసినావు.

నేను కూడా కూర్చుని విచారణ చేసినాను, నీ పద్ధతిలోనే. మల్లప్పను ఆ చెలకలోనుంచి తరిమితే ఆ గట్టు ఎవరికి ఖాళీ అవుతుంది? మెత్తటి రొట్టె సంగతి ఎవరు రాసినారు? అక్షరం తేడా లేదన్న మాట నా జాబులోది. దాన్ని ఆమె నోట్లో పెట్టినవాడివి నువ్వే అయి ఉంటావు. ఇంట్లో వదినను పెట్టుకుని ఇది నీకు తగునా? నాకు మల్లప్ప ఎట్లాంటివాడో చెప్పడానికి నీకు మొహం ఎట్లా వచ్చింది?

అంజయ్య ఇక్కడినుంచి ఉన్నితో నల్లగొండకే పోతున్నాడు. ఆయన నోరు ఆపడం నా వల్ల కాలేదు. ముందే తెలియజేస్తున్నాను.

గోపమ్మ

•

నల్లగొండ
1352 ఫసలీ, ఉర్దిబెహిష్త్ 14

చెల్లెకు.

నీ జాబు, అంజయ్య ఒకే రోజు వచ్చినారు. అంజయ్య ముందు వచ్చినాడు.

నేను మోత్కూర్‌కు మళ్లీ పోయిన మాట నిజం. ఋజువు కోసం పోయినాను. ఒకసారి అడిగితే ఇచ్చే ఋజువు కాదు అది. చివరికి నేను ఎవరినో, నువ్వు ఎవరివో ఆమెకు అంతా చెప్పుకుంటే ఇచ్చింది. అది ఏమిటో ఈ జాబులో రాయను. జాబు నాలుగు చేతులు మారుతుంది. ఋజువు ఏదో ముందే తెలిసిపోతే ఎదుటివాడు దానికి తగ్గ మాట తయారు చేసుకుంటాడు. ఇది రోజూ చూస్తున్నదే. ఆ ఋజువుకు బదులుగా మా ఇంట్లోని ఒక వస్తువు ఆమెకు ఇవ్వవలసి వచ్చింది. ఆ వస్తువు కూడా రాయను.

తెచ్చి సందూకలో పెట్టి, సెలవు చూసుకుని నీ దగ్గరికి వద్దామనుకున్నాను. ఇంతలో రామమ్మ సందూక తెరిచింది. తాను కొన్నది లేదు. తాను ఎరుగనిది ఉన్నది. ఇదెక్కడిది అని అడిగింది. నేను నిజమే చెప్పినాను, మోత్కూర్ నాగులమ్మది అన్నాను. మిగిలింది చెప్పేలోగా అంజయ్య వాకిట్లో నిలబడి, "బాగున్నరా వదినా" అన్నాడు.

మరునాడు నేను కోర్టు నుంచి వచ్చేసరికి రామమ్మ లేదు. ఋజువును మూట కట్టుకుని పోయింది. పుట్టింటికి పోయిందనుకుని అక్కడికి పోయినాను. అక్కడ లేదు. వాళ్ల అన్నలు కూర్చోమని కూడా అనలేదు.

నాకు ఇక్కడ అన్నం వండే దిక్కు లేదు. నీ మల్లప్ప హాయిగా ఉన్నాడు.

కురుమయ్య

•

రాచగుంట
ఫాల్గుణ బహుళ షష్ఠి

అన్నకు.

వదినను వెతకకు. మా ఇంట్లోనే ఉన్నది. అంజయ్య ఉన్ని బండి ఎక్కి వచ్చింది. పుట్టింటికి పోతే అన్నలు వెంటనే నీ కాళ్లు విరుస్తారని, అది తనకు ఇష్టం లేదని చెప్పింది. ముందు కులం పెద్దల మాట కావాలట.

చేతిలో ఒక మూట ఉన్నది. పగలు దాని మీద కూర్చుంటుంది, రాత్రి తల కింద పెట్టుకుంటుంది. అందులో ఏముందో చూపించమన్నాను. "పెద్దల ముందే ఇప్పుత. గిప్పుడిప్పితె నువ్వు నీ అన్న తరఫున మాట్లాడుతవ్" అన్నది. నువ్వు రాయవు, ఆమె విప్పదు. మీ ఇద్దరికీ భలే జోడి కుదిరింది.

నీ జాబు ఆమెకు చదివి వినిపించినాను. ఇంట్లోని వస్తువును బదులు ఇచ్చినానని ఉన్న దగ్గర రెండోసారి చదివించుకుని ఏడ్చింది. నీ ఋజువు నీ మీదికే వచ్చేట్టున్నది.

మల్లప్ప మంద కల్వకుర్తి దాటిందని కబురు వచ్చింది. ఉగాది మూడో నాడు బట్ట పెట్టడం. గుర్వయ్య బావే పెద్దలందరికీ చెప్పి వచ్చినాడు. నువ్వు రానక్కరలేదు. పుట్టింటి తరఫున కులపెద్ద సోమన్న నిలబడతానన్నాడు. ఒకతెను ఇంట్లో పెట్టుకుని ఇంకొకతె రొట్టె తినేవాడి చేతి బట్ట నాకు వద్దు.

కఠినంగా రాసినానని తెలుసు. వదిన పక్కనే కూర్చున్నది.

గోపమ్మ

•

నల్లగొండ
1352 ఫసలీ, ఉర్దిబెహిష్త్ 29

చెల్లె గోపమ్మకు కురుమయ్య వేడుకుని రాయునది.

సెలవు అడిగితే ఇవ్వలేదు. ఇది ఉగాది లోపల అందాలి.

రాయనన్నది రాస్తున్నాను. ఆ మూటలో ఉన్నది గొంగడి. నల్ల ఉన్నిది. మూలన మూడు ఎర్ర ముళ్లున్నాయి. అది నాగులమ్మ భుజం మీద ఉండగా చూసి నీ జాబులోని మాట గుర్తుకు వచ్చి అడిగినాను. మల్లప్ప ఇచ్చినాడన్నది. ఆ ముళ్లు తన పేరు మీద ఆయనే వేయించినాడని చెప్పినాడట. ఆమె ఆ ముళ్లను నాకు చూపించి సంతోషపడింది. నేను నిజం చెప్పినంక గొంగడి తీసి, నేను రామమ్మకు చెప్పకుండా కప్పుకుపోయిన దుప్పటి వైపు చూసింది. తరువాత, "తీస్కపో. నాకు సలి పెట్టకుండ నీ దుప్పటి ఇచ్చి పో" అన్నది.

రామమ్మతో మూట విప్పించు. బట్ట ముట్టుకోకు.

కురుమయ్య

•

రాచగుంట
స్వభాను చైత్ర శుద్ధ పంచమి

అన్నకు గోపమ్మ దండాలు.

నీ జాబు నిన్న అందింది. మొన్ననే అంతా అయిపోయింది. అయినా మంచిదే. అందులో ఆ ముళ్లు ఆమె పేరు మీద వేయించినానని ఆయన చెప్పుకున్న మాట ఆ రోజు వాకిట్లో నాకు తెలిసి ఉంటే అంత నెమ్మదిగా మాట్లాడగలిగేదాన్ని కాదు.

ఉగాది మూడో నాడు పెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. మల్లప్ప కొత్త రుమాలు చుట్టుకుని వచ్చినాడు. గుర్వయ్య బావ అందరికీ కల్లు తెప్పించినాడు. మనువు నాది, సంబరం ఆయనది. సోమన్న పళ్లెంలోని బట్ట మీద చేయి వేయబోయేసరికి వదిన లేచి నిలబడ్డది.

"పెద్దలు ఎట్లాగు కూడిండ్రు. ముందుగాల నా ముచ్చట తెంపుండ్రి" అన్నది.

ఇంతమంది మళ్లీ ఒక చోట దొరకరని ఆమె ఆలోచన. ఎవరూ ఏమీ అనకముందే మూట విప్పి గొంగడిని అందరి నడుమ పరిచింది. తన కొత్త దుప్పటి పోయి ఇది వచ్చిందని, ఇది మోత్కూర్ నాగులమ్మదని, ఇటువంటి మొగునితో తాను ఏం చేయాలో చెప్పమని అడిగింది. పెద్దలు గొంగడిని తిప్పి చూసి, నేత బాగున్నదన్నారు.

నేను మూలను చూసినాను. ముళ్లు ఉన్నాయి.

ముందు అది నీ దగ్గరికి ఎట్లా వచ్చిందో తోచలేదు. తరువాత నువ్వు రాసినవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వచ్చినాయి. ఋజువు, బదులు ఇచ్చిన వస్తువు, అక్షరం తేడా లేని మాట. నేను గొంగడిని ఎత్తి మల్లప్ప ముందర వేసినాను.

"దీన్ని ఎవలకిచ్చినవ్?"

ఆయన తడబడలేదు. ఉన్నమాట చెప్పాలి. "ఆమె సలికి వణుకుతాంది, ఇచ్చిన. సలి పెట్టేటోళ్లకు ఇచ్చుడు తప్పా?" అన్నాడు. ఇద్దరు ముసలివాళ్లు తప్పు కాదన్నట్టు తల కూడా ఊపినారు.

"తప్పు గాదు. ఇచ్చేటప్పుడు ఆ ముళ్లు ఇప్పి ఇయ్యాలె. అవి నా చీరవి" అన్నాను.

అప్పుడు ఆయన రుమాలు సర్దుకోవడం మొదలుపెట్టినాడు. ఎంతసేపటికీ అది సర్దుకోలేదు. నేను బట్టను పళ్లెంతో సహా తీసి లోపల పెట్టి వచ్చినాను.

అప్పుడు గుర్వయ్య బావ లేచినాడు. "గట్లెట్ల? నేను జొన్నలు కొలిచిన గద" అన్నాడు.

సోమన్న కల్లు ముంత కింద పెట్టి, మెల్లగా అడిగినాడు.

"దేనికి కొలిచినవ్?"

"మందకు."

"ఏ చెలకల పన్న మందకు?"

బావ నా వైపు చూసినాడు, మల్లప్ప వైపు చూసినాడు. "ఈమె చెలకల" అన్నాడు.

ఉగాదికి మనువు అయితే చెలక ఎట్లాగూ తనదే అవుతుందని, ఎరువు ముందే వేయించుకున్నాడు. మల్లప్ప నా దగ్గర చేట పక్కకు జరిపింది అందుకు. బావ దగ్గర కొలిపించుకుని, పూటపూటకు బావ ఇంట్లో తిని, ఆ మీద నేను పంపిన బువ్వ సంకోచపడుతూ సగం తినేవాడు.

అవ్వకు మా అందరికంటె ముందు అర్థమైంది. "గందుకే కుక్క మా సంకటి ముట్టలే" అన్నది.

అందరూ నవ్వినారు. మల్లప్ప కూడా నవ్వినాడు. నవ్వు ముఖమని నీకు ముందే రాసినాను.

మంద ఎవరి చెలకలో పడుకుంటే ఎరువు వాళ్లదేనని, కొలిచిన జొన్నల సంగతి కొలిచినవాడు తీసుకున్నవాడిని అడుక్కోవాలని సోమన్న తేల్చినాడు. నాగులమ్మ మొగుడు మనిషిని పంపితే మల్లప్ప మీద తప్పు విచారిస్తామని కూడా అన్నాడు. ఆ మాట వినగానే మల్లప్ప మందను లేపినాడు. బావ జొన్నలు జొన్నలు అనుకుంటూ ఊరి పొలిమేర దాకా ఆయన వెంట నడిచినాడు.

వదిన తల ఎత్తకుండా గొంగడి మడిచి నాకు ఇచ్చింది. ఆమెను అంజయ్య బండి మీద పంపుతున్నాను. నిన్ను ఏమీ అనదు. దుప్పటి మాత్రం ఎక్కడున్నదని నన్ను రెండుసార్లు అడిగింది. నేను ఏడ్చినానని ఆమె చెబితే నమ్మకు. ఆ రోజు పొయ్యిలో కట్టెలు పచ్చివి.

గోపమ్మ

•

నల్లగొండ
1352 ఫసలీ, ఖుర్దాద్ 20

చెల్లె గోపమ్మను ఆశీర్వదించి కురుమయ్య రాయునది.

రామమ్మ క్షేమంగా చేరింది. వంట చేస్తున్నది. మాట్లాడవలసి వస్తే గోడతో మాట్లాడుతున్నది.

దుప్పటి తెస్తానన్నాను. మోత్కూర్‌కు మళ్లీ పోతావా అన్నది. పోను అన్నాను. అయితే నా దుప్పటి ఎట్లా వస్తుంది అన్నది. రెండు రోజులు దీని మీదనే నడిచింది. చివరికి ఇద్దరం కలిసి పోయినాము.

నాగులమ్మ దుప్పటి మడత పెట్టి ఇచ్చింది. తరువాత వాళ్లిద్దరూ గట్టు మీద కూర్చుని మల్లప్పను తిట్టినారు. ఆయన అయిపోయినంక నన్ను మొదలుపెట్టినారు. సంగతి అంతా ఒక ముక్కలో ముందే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదని ఇద్దరిదీ ఒకే ఫైసలా. అప్పీలు లేదు. రామమ్మ రెండు రొట్టెలు తిన్నది. మెత్తగా ఉన్నవని మాత్రం ఒప్పుకోలేదు.

నాగులమ్మ విడుపు కాయితం కోసం భిక్షపతికి జాబు రాయించుకున్నది. రాసింది నేను. చెప్పింది రామమ్మ.

గుర్వయ్య కోర్టుకు పోతానంటున్నాడని విన్నాను. పోనీ. తమ్ముని పెండ్లాం చెలకలో తాను ఎందుకు ఎరువు వేయించినాడో ముందు తన నోటితో చెప్పుకోవాలి. ఆ రోజు నేను సెలవు పెట్టను, తలుపు దగ్గరే నిలబడి వింటాను.

నీకు వేరే సంబంధం చూడమంటావా? విచారణ చేయను.

కురుమయ్య

•

రాచగుంట
స్వభాను శ్రావణ శుద్ధ అష్టమి

అన్నకు, వదినకు గోపమ్మ దండాలు.

పనుల వల్ల జాబు ఆలస్యమైంది. సంబంధం ఇప్పుడే చూడకు. పంట చేతికి రానీ, తరువాత మాట్లాడుదాం.

జొన్న నా తల దాటింది. ఆకు నల్లగా ఉన్నది. దారిన పోయేవాళ్లు ఆగి, ఎవరి మంద పెట్టించినావు అని అడుగుతున్నారు. గుర్వయ్య బావది అంటున్నాను.

మల్లప్ప మంద రాలేదు. ఈసారి వేరే దారిన పోతాడట. ఆయన కుక్క మాత్రం వచ్చింది. మంద నుంచి తప్పిపోయిందో, అదే విడిచి వచ్చిందో తెలియదు. నేరుగా బావ వాకిట్లోకి పోయి కూర్చున్నది. అక్కడ కట్టె తీసినారు. సాయంత్రానికి మా ఇంటికి వచ్చింది. అవ్వ దాని ముందర సంకటి పెట్టి, "ఇప్పుడు సయిస్తదా" అన్నది. సయించింది. ఇక్కడే ఉన్నది.

గొంగడి ముళ్లు విప్పినాను. ఆ దారం అవ్వ రవికె చిరుగుకు సరిపోయింది. గొంగడి ఎక్కడెక్కడ తిరిగి వచ్చినా ఉన్ని నాది గదా అని కప్పుకుంటున్నాను. వెచ్చగానే ఉన్నది. నీకు ఒకటి నేయిస్తున్నాను. పక్కన కూర్చున్నవాళ్ల మాట విని ఏదేదో రాసినాను, అందుకు. వదినను దాన్ని సందూకలో పెట్టవద్దని చెప్పు.

బావ రోజూ వచ్చి గట్టు మీద నిలబడి జొన్నను చూసి పోతున్నాడు. మొన్న నేను మంచె మీద ఉండగా ఒక్కసారిగా వాన పట్టుకున్నది. ఆయన గట్టు మీద తడుస్తూ అట్లాగే నిలబడ్డాడు. పెద్దవాడు, మంచె కిందికి వచ్చి నిలబడమందామా అనుకున్నాను. ఊరికే ఇచ్చిన దగ్గరే దావా మొదలవుతుందని నువ్వు రాసినావు గదా. పిలవలేదు.

గోపమ్మ